హిస్లాప్ దొరగారును మలేరి ఎముకలును



యోబు గ్రంథము 38వ అధ్యాయములో దేవుడు యోబును ప్రశ్న వెంబడి ప్రశ్న అడుగును. భూమికి పునాదులు వేయబడిన కాలమున అతడెక్కడ ఉండెనో చెప్పుమనును. యోబునొద్ద జవాబు లేదు, అతడు చేయి నోటిమీద పెట్టుకొనెను. మన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామములలో కాపరిగా పనిచేయుచున్న నన్ను కూడ ఒక కుర్రవాడు అట్టి ప్రశ్నయే అడిగెను. నా యొద్దను జవాబు లేదు. అయినను నేను యోబువలె ఊరకుండక, తెలిసినవానివలె ఏదో చెప్పి పంపివేసితిని. ఆ సంగతి ముందు చెప్పి, తరువాత హిస్లాప్ దొరగారి చరిత్ర చెప్పెదను.

ఆ కుర్రవాడు నందిగామలో ఇంటరు చదువుచుండెను. తోటి పిల్లలతో హైదరాబాదు వెళ్లి, అక్కడ బిర్లా సైన్సు సెంటరులో నిలువబెట్టిన ఒక మహా జంతువు అస్థిపంజరమును చూచి వచ్చెను. అది ఏనుగుకంటె పొడవైనది, దాని మెడ వాసమువలె సాగి ఉన్నది, మన తెలుగు నేలలోనే ప్రాణహిత నది ప్రాంతమున దొరికినదట. ఇట్టి జంతువు ఎప్పుడు బ్రదికెను, ఎప్పుడు నశించెను, బైబిలులో దాని మాట ఏల లేదు అని నన్ను అడిగెను. అది నోవహు దినములలో జలప్రళయమున మునిగిన మృగమని వెంటనే చెప్పితిని. అట్లయితే చెరువు నత్తగుల్లలు ఒకచోట, సముద్రపు గుల్లలు వేరొకచోట, వాటి క్రిందను పైనను నిప్పులో కరిగి గడ్డకట్టిన రాయి ఎట్లు వచ్చెనని మరల అడిగెను. అట్టి పుస్తకములు చదువవద్దని గద్దించితిని. తరువాతి ఆదివారము అతడు వెనుక వరుసలో కూర్చుండెను. రెండు నెలలు గడచునప్పటికి రావడమే మానుకొనెను. వాని తల్లి మన స్త్రీల సమాజములో నమ్మకముగా పనిచేయు మనిషి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కూటము ముగిసిన తరువాత చాపలు చుట్టుచు, పిల్లవాడు అడిగినది తప్పా అయ్యగారూ అని మాత్రము అడిగినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సెమినరీలో ఉన్న దినములలో నాగపూరు మిషనరీయైన స్టీఫెన్ హిస్లాప్ గారి పేరు వినియుంటిని. ఆయన సువార్తికుడు, బడి పెట్టినవాడు అని తెలియునే గాని అంతకుమించి తెలియదు. జార్జి స్మిత్ అనువారు 1888లో వ్రాసి ప్రకటించిన ఆయన జీవితచరిత్ర ఒకటి కలదు. దానిని ఇప్పుడు సంపాదించి చదివితిని. తరువాత వచ్చిన సంగతులు మరి కొన్ని తెలిసికొంటిని. చదివినకొలది నేను ఆ పిల్లవానికి చెప్పిన జవాబు నాకే సిగ్గు పుట్టించెను.

హిస్లాప్ గారు 1817 సెప్టెంబరు 8వ తేదీన స్కాట్లండు దేశమున డన్స్ అను చిన్న పట్టణములో పుట్టిరి. చిన్నతనమునుండియు పురుగులు, మొక్కలు, రాళ్లు ఏరి దాచుకొను అలవాటు ఉండెను. ఎడింబరోలోను గ్లాస్గోలోను చదివిరి. 1843లో స్కాట్లండు సంఘములో పెద్ద చీలిక వచ్చెను. కాపరులను నియమించు అధికారము భూస్వాములకు ఉండరాదని 450 మందికి పైగా కాపరులు తమ ఇండ్లను, జీతములను విడిచి బయటికి వచ్చి ఫ్రీ చర్చి అను సంఘమును స్థాపించిరి. హిస్లాప్ గారు వారితో చేరిరి.

ఈ సంఘమును గూర్చి ఒక మాట చెప్పవలెను. దానికి నాయకుడైన థామస్ చాల్మర్స్ గారు, మోషే వ్రాసిన గ్రంథములు భూమి వయస్సు ఇంత అని ఎక్కడను కట్టి చెప్పలేదని 1804లోనే బోధించియుండిరి. ఆ సంఘము పక్షమున నడచిన పత్రికకు సంపాదకుడైన హ్యూ మిల్లర్ అనువాడు మొదట రాళ్లు కొట్టు మేస్త్రి. క్వారీలో పనిచేయుచు, పగిలిన బండలలో పురాతనపు చేపల ముద్రలు చూచి, వాటిని గూర్చి గ్రంథములు వ్రాసి పేరు పొందెను. కనుక హిస్లాప్ గారు పెరిగిన సంఘములో రాళ్లను చదువుట దైవభక్తికి విరోధమని ఎవరును తలంచలేదు. మనలో కొందరము ఈ భయమును పాత మిషనరీలనుండి వచ్చినదని అనుకొందుము. పాత మిషనరీలందరును అట్లు భయపడలేదు.

1844లో ఆయన అభిషేకము పొంది, వివాహము చేసికొని, ఓడనెక్కి ఆ సంవత్సరపు డిసెంబరులో బొంబాయి చేరిరి. 1845 ఫిబ్రవరిలో నాగపూరు వచ్చిరి. అప్పుడు నాగపూరు భోంస్లే రాజుల క్రింద నుండెను. ఊరికి కొంచెము దూరమున కామ్టీ అను దండు ఉండెను. అందులో మద్రాసు పటాలములు ఉండుటచేత తమిళము, తెలుగు మాటలాడు సిపాయిలు ఎందరో ఉండిరి. ఆయన మరాఠీ నేర్చుకొని, బడి తెరచి, బజారులలోను చుట్టుపట్ల గ్రామములలోను తిరిగి ప్రసంగించుచు వచ్చిరి. 1847లో రాబర్టు హంటరు అను మరియొక మిషనరీ వచ్చి తోడాయెను. వారు పడిన శ్రమలు చాల కలవు, అవి ఈ వ్యాసములో పట్టవు.

1851లో ఒకనాడు వీరిద్దరు నాగపూరు పడమట టాక్లీ అను చోట షికారు పోవుచుండగా, ఒక గట్టు ప్రక్కన రాతిలో తెల్లని చిన్న గుల్లలు కనబడెను. వంగి చూడగా నత్తగుల్లలు. ఆ రాయి ఎట్టిదనగా, క్రింద నల్లని అగ్నిశిల, పైన నల్లని అగ్నిశిల, నడుమ పలుచని మట్టిరాతి పొర. ఆ నడిమి పొరలోనే గుల్లలు ఉన్నవి. చాల మంది ఆ గట్టును దాటి వెళ్లియుందురు. వీరు నిలిచిరి. సుత్తి తెచ్చి, నెలల తరబడి వీలైనప్పుడెల్ల వచ్చి, ఆ పొరను వెదకిరి. నత్తగుల్లలతో కూడ రాతిగా మారిన కాయలు, గింజలు, కొయ్య, పెంకుపురుగుల రెక్కలు, ఎముకల ముక్కలు దొరికెను.

ఈ నత్తలలో ముఖ్యమైనది ఎడమవైపుకు చుట్ట తిరిగినది. నత్తగుల్లలు చాలవరకు కుడివైపుకు తిరుగును, ఈ జాతి ఎడమకు తిరుగును. దీని బంధువులు నేటికిని నిలువ నీటి కుంటలలో, మంచినీటిలో బ్రదుకుచున్నవి. ఉప్పునీటిలో బ్రదుకవు. కాబట్టి ఆ పొర ఒకప్పుడు మంచినీటి కుంట అడుగు. పెంకుపురుగులు, గింజలు ఉన్నవి గనుక ఒడ్డున చెట్లు ఉండెను. ఇక అగ్నిశిల మాట ఆలోచించుడి. భూమి బ్రద్దలై కరిగిన రాయి వరదవలె పారి గడ్డకట్టెను. అది చల్లారినది. దానిమీద వాన కురిసి పల్లములలో నీరు నిలిచెను. నీటిలో నత్తలు పెరిగినవి, ఒడ్డున చెట్లు మొలచి, కాయలు కాచి రాలినవి. అప్పుడు మరల రాతి వరద వచ్చి వాటినన్నిటిని కప్పివేసెను. ఒకే దినమున, ఒకే నీటిలో జరిగిన పని కాదు ఇది. నత్త గ్రుడ్డు పెట్టి పిల్ల పెద్దదగుటకు కాలము కావలెను, చెట్టు కాయుటకు ఇంకను కాలము కావలెను. నందిగామ పిల్లవాడు నన్ను అడిగిన ప్రశ్న సరిగా ఈ పొరను గూర్చినదే. నేను గద్దించిన ప్రశ్నకు ఒక మిషనరీ నూట డెబ్బది సంవత్సరముల క్రిందటనే మోకాళ్లమీద వంగి జవాబు వెదకియుండెను.

వీరిద్దరు కలిసి నాగపూరు చుట్టుపట్ల భూమిని గూర్చియు, అందు దొరికిన వాటిని గూర్చియు వ్రాసిన పత్రము 1855లో లండనులోని జియొలాజికల్ సొసైటీ పత్రికలో అచ్చుపడెను. ఆ సంవత్సరమే హంటరు గారు ఆరోగ్యము చెడి స్వదేశమునకు వెళ్లిపోయిరి. హిస్లాప్ గారు ఒంటరిగా ఆ పని సాగించిరి. 1860లో మరియొక పత్రము వచ్చెను. అందు మన రాజమహేంద్రవరము దగ్గరి కాతేరు, గోదావరి ఆవలి ఒడ్డున పంగిడి గ్రామముల సున్నపురాతిలో దొరికిన గుల్లలను కూడ ఆయన వర్ణించి పేర్లు పెట్టిరి. అక్కడను క్రింద పైన అగ్నిశిలయే, నడుమ పొరయే. కాని గుల్లలు వేరు. ఆల్చిప్పలు, సన్నగా మేకువలె చుట్టలు తిరిగిన సముద్రపు గుల్లలు అందు కలవు. నది సముద్రములో కలియుచోట, ఉప్పుటేరులలో బ్రదుకునట్టివి అవి. అనగా నాగపూరు కుంటలలో మంచినీటి నత్తలు ప్రాకుచున్న కాలమున రాజమహేంద్రవరము దగ్గరకు సముద్రపు పాయ వచ్చియుండెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కను పెట్టి పోల్చి చూచుట ఆయన చేసిన గొప్ప పని అని నా అభిప్రాయము. ఒక్క గుల్ల ఏమియు చెప్పదు. ఏది ఎక్కడ, దేనితో కలిసి, ఏ పొరలో ఉండెనో వ్రాసి ఉంచినప్పుడే అది మాటలాడును.

ఆయన చెప్పినవన్నియు సరియైనవి కావు. ఆ పొరల వయస్సును ఆయన నిజమునకంటె తక్కువగా ఎంచిరి. ఆ దినములలో రాతి వయస్సును సంవత్సరములలో కొలుచు ఉపాయము ఎవరికిని లేదు. ఇప్పుడు రాతిలోని కొన్ని ధాతువులు ఎంత కాలమునకు ఎంత మారునో కొలిచి, ఆ అగ్నిశిలల వయస్సు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములని చెప్పుచున్నారు. ఆయన లెక్క తప్పినను, ఆయన ఏ గుల్ల ఏ పొరలోనిదో సరిగా వ్రాసి ఉంచుటవలన తరువాతివారు ఆ లెక్కను సరిచేయగలిగిరి.

కామ్టీ దగ్గర సిలేవాడ అను ఊరి క్వారీలో ఇసుకరాతిమీద ఆకుల ముద్రలు దొరికెను. అందు నాలుకవంటి ఆకు ఒకటి కలదు, దానికి గ్లాసోప్టెరిస్ అని పేరు. ఆ ఆకే ఆఫ్రికాలోను ఆస్ట్రేలియాలోను దొరికెను. 1912లో దక్షిణ ధ్రువమునుండి తిరిగి వచ్చుచు స్కాటు దొరయు ఆయన తోటివారును మంచులో ప్రాణములు విడిచిన సంగతి మీలో కొందరు చదివియుందురు. వారు ఆకలితోను చలితోను చచ్చుచు కూడ పారవేయక తమ బండిమీద ఈడ్చుకొని వచ్చిన రాళ్లు సుమారు 16 కిలోలు ఉండెను. అందును ఈ ఆకు ముద్రలే. ఇప్పుడు మంచు తప్ప ఏమియు లేనిచోట ఒకప్పుడు అడవి ఉండెను, ఆ అడవి మన దేశపు అడవితో కలిసి ఉండెను. ఇట్లు కలిసియున్న ఆ దక్షిణ భూఖండమునకు పండితులు గోండ్వానా అని పేరు పెట్టిరి. గోండులు నివసించు మధ్య దేశపు రాళ్లనుబట్టి వచ్చిన పేరది. హిస్లాప్ గారు ఆ గోండుల మధ్యను తిరిగి, వారి భాషను, వారి పాటలను వ్రాసికొనిన మనిషి.

నాగపూరుకు దక్షిణమున మంగలి అను చోట వెడల్పయిన తలగల జంతువు పుర్రె దొరికెను. అది కప్పలకు దూరపు బంధువు. ఇంగ్లాండులో ఓవెన్ పండితుడు 1855లో దానిని వర్ణించి, పొట్టి ముఖము, వెడల్పు తల అని అర్థమిచ్చు పేరు పెట్టెను. అట్టి జంతువు నీరు లేనిచోట ఉండదు. ఇప్పుడు మంగలి ప్రాంతము మన మెట్టవలె వేసవిలో మాడిపోవు నేల.

ఇక మలేరి. ఇది పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ప్రాణహితకు పడమట నున్న పల్లె. ఆ దినములలో నైజాము రాజ్యము. ఆ చుట్టుపట్ల నేల ఎఱ్ఱని బంకమట్టి, నడుమ నడుమ తెల్లని ఇసుకరాయి. వానలకు మట్టి కొట్టుకొనిపోయినప్పుడు ఎముకలు, పండ్లు బయటపడును. హిస్లాప్ గారు అక్కడివి కొన్ని సంపాదించి పండితులకు పంపిరి. వాటిలో విచిత్రమైన పండ్లు కలవు. కోడిపుంజు తురాయివలె గట్లు దేరిన పలకలు అవి. అవి ఒక చేప పండ్లు అని తేలెను. భారత జియొలాజికల్ సర్వే పెద్దయైన ఓల్డుహాము దొర 1859లో ఆ చేపకు హిస్లాప్ గారి పేరు పెట్టెను. అప్పటికి లోకములో ఎవరును ఆ వంశపు చేపను ప్రాణముతో చూచియుండలేదు. 1870లో ఆస్ట్రేలియా దేశమున క్వీన్స్‌లాండు నదులలో దాని బంధువు ఇంకను బ్రదికియున్నదని తెలిసెను. అది మొప్పలతోను ఊపిరితిత్తితోను కూడ ఊపిరి పీల్చును. నీరు తగ్గి చెడినప్పుడు పైకి వచ్చి గాలి మ్రింగును.

మనకు ఇది క్రొత్త సంగతి కాదు. వేసవిలో మునేరు, పాలేరు ఎండి మడుగులుగా విడిపోయినప్పుడు మిగిలిన చేపలన్నియు తెల్లబడి తేలుచుండగా, కొరమీనును మట్టగిడసయు బురదలో గాలి మ్రింగుచు బ్రదికియుండుట మన పిల్లలందరు చూచినదే. కొరమీను ఆ చేపకు బంధువు కాదు, కాని కష్టము ఒకటే, ఉపాయము ఒకటే. మలేరి ఎఱ్ఱమట్టిలో అట్టి చేప పండ్లు మెండుగా ఉన్నవనగా, అక్కడ నీరు ఒక కాలమున నిండి, ఒక కాలమున ఇగిరిపోవు మడుగులు ఉండెనని ఊహింపవచ్చును. మట్టి ఎఱ్ఱదనము కూడ ఆ మాటే చెప్పును. మట్టిలోని ఇనుము గాలి తగిలి తుప్పుపట్టినప్పుడే ఎఱ్ఱబడును, ఎప్పుడును నీటి అడుగున నున్న మట్టి సాధారణముగా బూడిద రంగుననే ఉండును. మంచినీటి గుల్లలును అక్కడ దొరికినవి. రాయిగా మారిన పేడకడ్డీలును దొరికినవి, చుట్టలు చుట్టలుగా. నవ్వకుడి, పండితులు వాటినిగూర్చి పత్రములు వ్రాసియున్నారు. ఏది దేనిని తినెనో అవి చెప్పును.

మరియొక జంతువు అక్కడ దొరికెను. అది పందిపిల్లవలె బలిసిన శరీరము, చిలుకముక్కువంటి మూతి, దౌడలలో వరుసలు వరుసలుగా పండ్లు గలది, ఆకులలములు కొరికి తినునది. హక్స్‌లీ పండితుడు 1859లో స్కాట్లండులోని ఎల్జిన్ అను చోట దొరికిన ఇట్టి జంతువును వర్ణించి, దానిని సంపాదించిన జార్జి గోర్డను గారి పేరు పెట్టియుండెను. ఈ గోర్డను గారు కూడ ఒక పల్లె సంఘమునకు కాపరి. పదేండ్లు గడచిన తరువాత, మలేరి ఎముకలలోను ఆ జాతియే ఉన్నదని 1869లో హక్స్‌లీ గారే ప్రకటించిరి. హిస్లాప్ గారు పుట్టిన దేశమునకును మన తెలుగు దేశమునకును మధ్య ఇప్పుడు సముద్రములు, ఎడారులు, పర్వతములు ఉన్నవి. ఈ పొట్టి కాళ్ల జంతువు ఓడనెక్కి రాలేదు. ఆ కాలమున, అనగా సుమారు 22 కోట్ల సంవత్సరముల క్రిందట, నేలలన్నియు ఒకటిగా కలిసియుండెను, అది నడిచియే వ్యాపించెను.

ఇంతవరకు రాళ్ల సంగతి చెప్పితిని గనుక ఆయన సేవను మరచెనని ఎవరైనను అనుకొందురేమో. అట్లు కాదు. 1857లో తిరుగుబాటు కాలమున ఒక ముసల్మాను స్నేహితుడు ముందుగా హెచ్చరింపగా ఆయన ఆ వార్తను అధికారులకు తెలిపిరి, నాగపూరులో రక్తపాతము తప్పెను. ఆ స్నేహితునికి ఆయనమీద అంత నమ్మకము ఎట్లు కలిగెనో ఆలోచించుడి. 1858లో స్వదేశము వెళ్లి 1860లో తిరిగి వచ్చిరి. ప్రభుత్వమువారి లోపములను దాచక పత్రికలలో వ్రాసిరి. 1861లో మధ్య పరగణాలు అను క్రొత్త రాష్ట్రము ఏర్పడినది. దానికి రిచర్డు టెంపులు దొర ముఖ్యాధికారిగా వచ్చి, గోండులను గూర్చియు దేశమును గూర్చియు తెలిసికొనుటకు హిస్లాప్ గారినే ఆశ్రయించెను.

1863 సెప్టెంబరు నెల. నాగపూరుకు దక్షిణమున టాకల్‌ఘాట్ అను చోట పూర్వులు సమాధులచుట్టు వలయముగా పాతిన రాళ్లు కలవు. వాటిని చూచుటకు టెంపులు దొర బోరి అను ఊర గుడారములు వేసికొని హిస్లాప్ గారిని పిలిచెను. 4వ తేదీన వారు ఆ వలయములను త్రవ్వించి చూచిరి. సాయంకాలము మిగిలినవారు తిరిగి వచ్చిరి. హిస్లాప్ గారు మాత్రము అక్కడి బడి పిల్లలకు పరీక్ష చేయవలెనని వెనుక నిలిచిపోయిరి. పని ముగించుకొని చీకటిలో ఒంటరిగా గుఱ్ఱమెక్కి బయలుదేరిరి. త్రోవలో ఒక వాగు. ఉదయము దాటినప్పుడు అది చిన్న వాగు. ఎగువ వాన కురిసి అది పొంగెను. మన వైరా, కట్టలేరు వాగుల సంగతి తెలిసినవారికి నేను వివరింపనక్కరలేదు. ఎండగా ఉన్న దినమున కూడ ఎగువ వాన వచ్చి మనిషిని తీసికొనిపోవును. గుఱ్ఱము ఒంటిగా గుడారములకు వచ్చెను. దివిటీలతో వెదకగా ఆయన శరీరము నీటిలో దొరికెను. మరి నాలుగు దినములకు ఆయనకు 46వ ఏడు నిండవలసియుండెను.

మలేరి ఎముకలనుగూర్చి ఆయన వ్రాసిన ఉత్తరములలోని భాగములు 1864లో, ఆయన పోయిన తరువాత, లండనులో అచ్చుపడెను. గోండులనుగూర్చిన కాగితములను టెంపులు దొర 1866లో ప్రకటించెను. 1883లో నాగపూరులో వెలసిన కళాశాలకు ఆయన పేరే పెట్టిరి, అది నేటికిని ఉన్నది. 1885లో లిడెక్కరు అను పండితుడు మలేరి ఎముకలలో మొసలివంటి ముట్టె ముక్క నొకదానిని వర్ణించి, దానికి పారాసూకస్ హిస్లోపి అని పేరు పెట్టెను. మొసలికి దగ్గరిది అని దాని అర్థము.

ఆ చిన్న ముక్కతో జంతువు రూపము ఎవరికిని తెలియలేదు. 1957లో మహలనోబిస్ గారు కలకత్తాలోని తమ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటుకు ఇంగ్లాండునుండి పమేలా రాబిన్సన్ అను విదుషీమణిని రప్పించిరి. ఆమె నేర్పగా మన దేశపు యువకులు ప్రాణహిత గోదావరి లోయలో సంవత్సరముల తరబడి త్రవ్విరి. సంపూర్ణముగా నున్న పారాసూకస్ అస్థిపంజరములు రెండు దొరికెను. శంకర్ చటర్జీ గారు 1978లో వాటిని వర్ణించిరి. సుమారు 8 అడుగుల జంతువు, సన్నని పొడవు మూతి, చూచుటకు అచ్చముగా మొసలి. కాని మొసలికి ముక్కు రంధ్రములు మూతి కొనను ఉండును, దీనికి కండ్ల ముందర తల నడినెత్తిన ఉన్నవి. నీటిలో మునిగి నడినెత్తి మాత్రము పైకి పెట్టి పొంచియుండునది. ఆ రెండు జంతువుల కడుపుల స్థలములో వేరొక చిన్న బల్లివంటి ప్రాణి ఎముకలు ఉండెను. అది చచ్చుటకు ముందు మ్రింగిన ఆహారము! 22 కోట్ల సంవత్సరములనాటి భోజనము ఇంకను కడుపులో ఉన్నది. ఆ చిన్న ప్రాణికి మలేరి ఊరి పేరును రాబిన్సన్ గారి పేరును కలిపి మలేరిసారస్ రాబిన్సనే అని 1980లో పేరు పెట్టిరి.

మన పిల్లవాడు హైదరాబాదులో చూచిన పొడవు మెడ జంతువు అంతకంటె తరువాతి కాలపుది, సుమారు 18 కోట్ల సంవత్సరములది. యామన్‌పల్లి దగ్గర దొరికెను. జియొలాజికల్ సర్వేలో పనిచేసిన యాదగిరి గారు 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టిరి.

ఇవన్నియు ఒక కాగితముమీద వ్రాసికొని నేను ఆ పిల్లవాని ఇంటికి వెళ్లితిని. తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పితినని ఒప్పుకొంటిని. ఆదికాండములోని దినములను మన సంఘములలో కొందరు మన దినములనియు, కొందరు దీర్ఘ కాలములనియు ఎంచుచున్నారు. నేను ఇప్పుడు రెండవవారితో ఏకీభవించుచున్నానని చెప్పితిని. అతడు నా కాగితమును రెండు మారులు చదివి, లోపలికి వెళ్లి, అటకమీదనుండి ఒక నాపరాతి ముక్కను తెచ్చి నా ముందర పెట్టెను. దానిమీద నల్లని గీతలు చెట్టుకొమ్మలవలె, ఫెర్ను ఆకువలె అందముగా ఉన్నవి. జగ్గయ్యపేట గనిలో దొరికినదట. నేను సంతోషముతో ఇదిగో ఆకు ముద్ర అంటిని. అతడు నవ్వి, ఇది ఆకు కాదు అయ్యగారూ, రాతి నెఱ్ఱెలో మాంగనీసు నీరు ప్రాకి ఎండిన మచ్చ, మా లెక్చరరుగారు చెప్పిరి అనెను. మన సున్నపురాయి పురాతన సముద్రము అడుగున పేరుకొన్నదే గాని, అది ఎముకగల జంతువు ఏదియు ఇంకను లేని కాలపుదట. మన ఊరి స్తూపపు శిల్పములు చెక్కి రెండువేల సంవత్సరములు. ఆ చెక్కిన రాయికి మలేరి ఎముకలే మునిమనుమలు.

మే నెలలో వి.బి.యస్. ముగిసిన తరువాత, పై తరగతుల పిల్లలను జగ్గయ్యపేటనుండి బస్సుమీద హైదరాబాదు తీసికొనిపోయి ఆ అస్థిపంజరమును చూపవలెనని సంఘపు పెద్దలు ఒప్పుకొనిరి. ఆ కుర్రవాడే వివరించి చెప్పును. రాదలచిన పిల్లల పేర్లును బస్సు చార్జీయును ఈస్టరు లోపల స్త్రీల సమాజపు అమ్మగారికి ఇయ్యవలెను. చద్ది ఎవరిది వారే కట్టుకొని రావలెను.